లైనక్స్‌లో ఫైల్ మేనేజర్ తెరుచుకోకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఐకాన్ మీద క్లిక్ చేస్తారు. కర్సర్ పక్కన చక్రం కాసేపు తిరిగి ఆగిపోతుంది. విండో రాదు. మళ్ళీ క్లిక్ చేసినా అంతే. అప్పుడు చాలామందికి ముందు పుట్టే భయం "నా ఫైళ్ళు పోయాయా?" అని. దాదాపు ఎప్పుడూ పోవు. ఫైల్ మేనేజర్ ఫైళ్ళను చూపించే కిటికీ మాత్రమే, కిటికీ రెక్క బిగుసుకుంటే లోపలి సామాను ఎక్కడికీ పోదు. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి, ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టి చూడండి, అన్నీ ఉంటాయి.

భయం తగ్గాక చేసే పొరపాటు ఇంకోటి ఉంది: వెంటనే రీఇన్‌స్టాల్ చేయడం. చాలాసార్లు తప్పు ప్రోగ్రామ్‌లో ఉండదు. అది ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తూ ఉండిపోతుంది, లేదంటే హోమ్ ఫోల్డర్‌లో తనకు కావలసిన ఫైలును చదవలేకపోతుంది. రీఇన్‌స్టాల్ ఈ రెండింటి జోలికీ వెళ్ళదు. హోమ్‌లోని పాత సెట్టింగులు అలాగే మిగిలిపోతాయి.

ముందు టెర్మినల్ నుంచి తెరవండి

ఐకాన్ ఏమీ చెప్పదు, టెర్మినల్ చెబుతుంది. డెస్క్‌టాప్‌ను బట్టి ఫైల్ మేనేజర్ పేరు మారుతుంది: గ్నోమ్ వాడేవాళ్ళకు నాటిలస్, కేడీఈలో డాల్ఫిన్, ఎక్స్ఎఫ్‌సీఈలో థునార్, సిన్నమన్‌లో నీమో, మాటేలో కాజా. మీది ఏదో చూసుకుని ఆ పేరే టైప్ చేసి ఎంటర్ నొక్కండి. (కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడాలి.) పక్కన ఇంకో టెర్మినల్‌లో, సిస్టమ్ రాసుకునే చిట్టాను చూపే జర్నల్‌సీటీఎల్ --యూజర్ -ఎఫ్ నడుపుతూ ఉంచితే తెర వెనక గొడవ కూడా కనిపిస్తుంది. హెచ్చరిక లైన్లు నాలుగైదు రావడం మామూలే, వాటిని చూసి కంగారు పడకండి. చివరి లైను ముఖ్యం.

లక్షణం: ఏ ఎర్రరూ రాదు, విండో కూడా రాదు

ఇదే అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. పాత ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒకటి వెనకాల బిగుసుకుపోయి ఉంటుంది. నాటిలస్ లాంటివి ఒక్క ప్రాసెస్‌గానే నడుస్తాయి. మీరు మళ్ళీ క్లిక్ చేసినప్పుడు కొత్తది మొదలుకాదు, "ఇంకో విండో తెరువు" అని డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా పాతదానికి కబురు వెళ్తుంది. పాతది పలకదు. మీరు పదిసార్లు నొక్కినా పది కబుర్లూ అక్కడే పడి ఉంటాయి.

నాటిలస్ -క్యూ అని కొట్టండి. థునార్, నీమో, కాజాలకు కూడా ఈ -క్యూ పనిచేస్తుంది. డాల్ఫిన్ అయితే కిల్‌ఆల్ డాల్ఫిన్. ఏదైనా కాపీ నడుస్తుంటే మాత్రం ముందు అది పూర్తయిందో లేదో ఆలోచించుకోండి, సగంలో తెగుతుంది.

లక్షణం: చంపినా చావదు

బలవంతంగా ఆపే కిల్ -9 కొట్టినా ప్రాసెస్ అలాగే ఉంటే పీఎస్ ఆక్స్ ఇచ్చే జాబితాలో దాని స్టాట్ గడి చూడండి. అక్కడ 'డి' అక్షరం అలాగే నిలిచి ఉంటే ఆ ప్రాసెస్ డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో జవాబు కోసం కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) లోపల నిద్రపోతోందని అర్థం. జవాబు వచ్చేదాకా ఎవరి మాటా వినదు.

నాకు ఇది ఎదురైనప్పుడు పూటంతా నాటిలస్‌నే అనుమానించాను. సెట్టింగులు తీసేశాను, రీఇన్‌స్టాల్ చేశాను, ఏమీ మారలేదు. చివరికి ఖాళీ జాగా చూద్దామని డీఎఫ్ కొడితే అదీ నిలిచిపోయింది. ఒక్క లైను కూడా రాలేదు. అప్పుడు వెలిగింది: ఎన్ఎఫ్ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి) మౌంట్ చేసుకున్న, అంటే నా ఫోల్డర్లలో ఒకటిగా తగిలించుకున్న, ఇంకో మెషీన్ ఆపేసి ఉంది. డీఎఫ్ అన్ని మౌంట్లనూ పలకరిస్తుంది, ఫైల్ మేనేజర్ కూడా పక్క పట్టీలో చూపించడానికి అదే పని చేస్తుంది. ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడిపోయారు.

అందుకే ఇలాంటి అనుమానం ఉంటే డీఎఫ్ -ఎల్ వాడండి, అది లోకల్ డిస్కులనే చూస్తుంది. మౌంట్ల జాబితాకు కాట్ /ప్రోక్/మౌంట్స్ చాలు, అది నిలిచిపోదు. పలకని మౌంట్ ఏదో తెలిశాక (సుడో అంటే కమాండ్‌ను సిస్టమ్ యజమాని 'రూట్' హక్కులతో నడపడం) సుడో యూమౌంట్ -ఎఫ్, దానికీ లొంగకపోతే సుడో యూమౌంట్ -ఎల్, పక్కన ఆ మౌంట్ ఉన్న చోటు. -ఎల్ అంటే ఇప్పటికి చెట్టు నుంచి తెంపి, వాడకం ముగిశాక పూర్తిగా వదిలేయడం. నిద్రలో ఉన్న ప్రాసెస్ అప్పటికీ లేవకపోతే రీబూట్ చేయాల్సి వస్తుంది. మళ్ళీ రాకుండా ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల పట్టిక ఉండే ఫైలు, /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్) ఆ లైనుకు నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ చేర్చండి, తాకినప్పుడే మౌంట్ అవుతుంది. బుక్‌మార్కులూ చూడండి, ~/.కాన్ఫిగ్/జీటీకే-3.0 ఫోల్డర్‌లో (~ అంటే మీ హోమ్ ఫోల్డర్) బుక్‌మార్క్స్ అనే ఫైలుంటుంది. పాత సర్వర్ చిరునామా లైను ఉంటే తీసేయండి.

లక్షణం: తెరుచుకుంటుంది, కానీ అరనిమిషం దగ్గర పడుతుంది

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. ప్రతిసారీ 25 సెకన్ల దగ్గర పడుతుంటే కారణం దాదాపు దొరికినట్టే. డీ-బస్ పిలుపుకు మామూలుగా పెట్టిన గడువు అదే. ఏదో సర్వీస్ జవాబివ్వక, గడువు తీరాక ఫైల్ మేనేజర్ ముందుకు కదులుతోంది. ఎక్కువగా అది వెనకాల నడిచే ఎక్స్‌డీజీ-డెస్క్‌టాప్-పోర్టల్ (యాప్‌లకూ డెస్క్‌టాప్‌కూ మధ్యవర్తి) గానీ జీవీఎఫ్ఎస్ (చెత్తబుట్ట, నెట్‌వర్క్ ఫోల్డర్లను చూసుకునేది) గానీ అవుతుంది. సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ ఎక్స్‌డీజీ-డెస్క్‌టాప్-పోర్టల్ చేసి మళ్ళీ కొలవండి. పూర్తి డెస్క్‌టాప్ బదులు స్వే, ఐ3 లాంటి విండో మేనేజర్లు వాడేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: లాగిన్‌లో డీబస్-అప్‌డేట్-యాక్టివేషన్-ఎన్విరాన్‌మెంట్ నడపకపోతే ఆ సర్వీసులకు తెర ఎక్కడుందో తెలియదు.

లక్షణం: "పర్మిషన్ డినైడ్", సుడోతో అయితే తెరుచుకుంటుంది

సుడోతో తెరుచుకుందని అలాగే వాడకండి. జబ్బు వచ్చింది చాలాసార్లు దానివల్లే. ఎప్పుడో ఫైల్ మేనేజర్‌ను సుడోతో నడిపినప్పుడు మీ ~/.కాన్ఫిగ్, ~/.క్యాష్ లోపలి ఫైళ్ళు రూట్ పేరు మీద రాసి పోయాయి. ఇప్పుడు మీ ఇంట్లో మీకే తాళం. ఫైండ్ ~ ! -యూజర్ $యూజర్ అంటే మీవి కాని ఫైళ్ళన్నీ వస్తాయి (ఆ డాలర్ తర్వాతి మాట మాత్రం పెద్దక్షరాల్లో). వచ్చిన వాటిని సుడో సీహెచ్‌ఓన్‌తో (ఫైలు యజమానిని మార్చే కమాండ్) మీ పేరుకు మార్చండి. ఆ కమాండ్‌ను హోమ్ దాటి, ముఖ్యంగా / మీద, ఎప్పుడూ నడపవద్దు.

సిస్టమ్ ఫైళ్ళు తెరవాల్సి వస్తే నాటిలస్‌లో కంట్రోల్+ఎల్ నొక్కి అడ్మిన్:/// అని కొట్టవచ్చు. పాస్‌వర్డ్ అడుగుతుంది, మీ సెట్టింగులు చెడవు.

లక్షణం: "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్"

డీఎఫ్ -హెచ్ చూడండి. అక్కడ ఖాళీ ఉందంటే డీఎఫ్ -ఐ కూడా చూడండి, చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే జాగా ఉండగానే ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒక్కటి కావలసిన నమోదు గడులు) అయిపోతాయి. లైనక్స్ డిస్కుల్లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో మామూలుగా 5 శాతం రూట్‌కు అట్టిపెడతారు, అందుకే రూట్‌కు పనులు సాగి మీకు సాగవు. చెత్తబుట్ట ~/.లోకల్/షేర్/ట్రాష్‌లో ఉంటుంది, ముందు దాన్నే ఖాళీ చేయండి.

లక్షణం: విండో మెరిసి మాయమవుతుంది, "సెగ్మెంటేషన్ ఫాల్ట్"

నాటిలస్ /టీఎంపీ అని ఇంకో ఫోల్డర్ తెరిచి చూడండి. అది నిలబడితే తప్పు మొదటి ఫోల్డర్‌లోని ఏదో ఒక ఫైలుది, దాని థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మ) గీసేటప్పుడు ఫైల్ మేనేజర్ కూలిపోతోంది. ~/.క్యాష్/థంబ్‌నెయిల్స్ తీసేయండి, పాడైన వీడియో ఉంటే పక్కకు జరపండి.

/టీఎంపీ తెరిచినా కూలిపోతే అనుమానం ఎక్స్‌టెన్షన్ల (తగిలించుకున్న అదనపు హంగుల) మీద. 2022లో గ్నోమ్ 43తో నాటిలస్ జీటీకే4కు (విండోలు గీసే లైబ్రరీ కొత్త వెర్షన్) మారింది, పాతదాని కోసం రాసినవి అందులో నడవవు. ~/.లోకల్/షేర్/నాటిలస్-పైథాన్ ఫోల్డర్ పేరు మార్చి చూడండి. ఇక్కడా తేలకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి అందులో తెరవండి. ఈ ఒక్క పరీక్ష సగం చిక్కు విప్పుతుంది: అక్కడ తెరుచుకుంటే తప్పు మీ హోమ్‌లో ఉంది, లేకపోతే సిస్టమ్‌లో. హోమ్‌లో అయితే ~/.కాన్ఫిగ్/నాటిలస్, డాల్ఫిన్ అయితే డాల్ఫిన్ఆర్‌సీ, పేరు మార్చి పక్కన పెట్టండి. డిలీట్ చేయకండి.

చిన్నవి కొన్ని

విండో వచ్చి లోపల నల్లగానో తెల్లగానో ఉంటే గ్రాఫిక్స్ గొడవ. జీఎస్‌కే_రెండరర్=కైరో నాటిలస్ అని నడిపి చూడండి (సమానం గుర్తుకు ముందున్న పేరు పెద్దక్షరాల్లో). అప్డేట్ తర్వాత "సింబల్ లుకప్ ఎర్రర్" వస్తే అప్డేట్ సగంలో ఆగింది, పూర్తి చేయండి. రీఇన్‌స్టాల్‌కు సరైన సమయం ఇదే. ఫోల్డర్ నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంటే ఎక్స్‌డీజీ-మైమ్ డిఫాల్ట్ కమాండ్‌తో ఐనోడ్/డైరెక్టరీకి మీ ఫైల్ మేనేజర్‌ను కేటాయించండి.

లక్షణం: "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" లేదా "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్"

ఫైళ్ళు పోవని మొదట్లో చెప్పిన మాటకు మినహాయింపు ఇదే. కెర్నల్ సందేశాలు చూపే సుడో డీఎంఈఎస్‌జీ కమాండ్‌లో కూడా ఒకే డిస్క్ పేరుతో ఎర్రర్లు వరుసగా కనిపిస్తే ఫైల్ మేనేజర్‌ను బాగుచేయడం ఆపేయండి. ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కూడా అప్పుడే నడపవద్దు, రీబూట్లతో ప్రయోగాలూ వద్దు. బయటి డిస్క్ ఒకటి తగిలించి, టెర్మినల్ నుంచే, ముందు మళ్ళీ దొరకని ఫైళ్ళతో మొదలుపెట్టి కాపీ చేసుకోండి. స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ పరిస్థితి చూడటం, కొత్తది కొనాలా అని ఆలోచించడం, అవన్నీ కాపీ పూర్తయ్యాకే.