గాత్రం, మాండొలిన్, గిటార్: మైకు లేకుండా ఇంటి హాల్లో కచేరీ

పాటల జాబితా తర్వాత చూసుకోవచ్చు, ముందు శ్రుతి తేల్చుకోండి. గాయని ఐదున్నరలో, అంటే జి షార్ప్‌లో పాడుతుంటే గిటారిస్టుకి ఇబ్బందేమీ లేదు. మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు, పెట్టుకుని మామూలు జి కార్డులే (కలిపి మోగించే స్వరాల గుత్తులు) పట్టుకుంటారు. చిక్కంతా మాండొలిన్‌కే. దాని నాలుగు జతల తీగలు జి, డి, ఎ, ఇ. ఐదున్నరలో షడ్జానికీ పంచమానికీ ఒక్క ఖాళీ తీగా అందదు. అన్నీ వేలితో నొక్కాల్సిందే, మోత సగం చస్తుంది. గాయని అరమెట్టు దిగి ఐదుకి, అంటే జికి, వస్తే మోహన రాగంలో ఆ నాలుగు తీగలూ వరసగా స, ప, రి, ద అయి కూర్చుంటాయి. దిగలేనంటే బలవంతపెట్టొద్దు, నొక్కే వాయించండి. తీగల్నే అరమెట్టు పైకి బిగించారో, సన్న ఇ తీగ కచేరీ మధ్యలో తెగే ప్రమాదం ఉంది.

రాగాల విషయంలో అత్యాశకు పోవద్దు. జంట తీగల్ని పక్కకి లాగితే రెండూ ఒకేలా సాగవు, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) గీరుకుపోతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాయించినది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. ఎనిమిది తీగల వాద్యంతో, గమకాలే ప్రాణమైన తోడి జోలికి వెళ్లకుండా లలిత గీతాలు, మోహన, హంసధ్వని, శంకరాభరణం ఎంచుకోండి.

మోహన తేలిక అనుకుని గిటారిస్టులు బోల్తా పడేది ఇక్కడే. ఐదు శ్రుతి మోహనలో పూర్తిగా ఇమిడే కార్డులు రెండే: జి మేజర్, ఇ మైనర్. అలవాటుగా డి మేజర్ పట్టుకుంటే ఎఫ్ షార్ప్, అంటే రాగంలో లేని కాకలి నిషాదం, దూరుతుంది. సి మేజర్ పడితే మధ్యమం వచ్చేస్తుంది. డి కావలసిన చోట మొదటి తీగ మీది వేలు ఎత్తేసి డి సస్ టూ వాయించండి. అందులో డి, ఇ, ఎ మాత్రమే ఉంటాయి, మూడూ మోహనవే.

మాండొలిన్‌కి కొత్త తీగలు రెండు మూడు రోజుల ముందే వేసుకోవాలి, అదీ ఒక్కొక్కటిగా. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క ముక్క) జరిగిపోతుంది, దాన్ని పట్టి ఉంచేది తీగల ఒత్తిడే. జరిగిందేమో చూడాలంటే పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్‌లో నొక్కిన స్వరం పోల్చండి. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల చివర్లు తగిలించే చోటు) వైపు ఒక వెంట్రుకవాసి జరపాలి. శ్రుతి చేసేటప్పుడు జతలో ఒకదాన్ని వేలితో మూసి రెండోదాన్ని కింది నుంచి పైకి తీసుకురండి. ఏసీ వేస్తే గంట ముందే వేసి, ఆ చల్లదనంలోనే శ్రుతి చేసుకోండి. కేపో పెట్టాక గిటార్‌ని మళ్లీ చూసుకోవాలి, గట్టిగా బిగిస్తే స్వరాలు హెచ్చుతాయి.

ఎలక్ట్రానిక్ తంబురా ఉంటే ఎ స్వరం 440 హెర్ట్జ్ ఉండేలా సరిచేసి, సన్నగా పెట్టండి. తంబురాలో సహజంగా పలికే అంతర గాంధారం కన్నా గిటార్ ఫ్రెట్ గాంధారం దాదాపు 14 సెంట్లు (సెంటంటే అరమెట్టులో నూరో వంతు) ఎక్కువ. కార్డుల పాటల్లో రెండూ కలిసి గీరుతుంటే తంబురా ఆపేయడమే మేలు.

పదిహేను ఇరవై అడుగుల హాల్లో పాతికమందికి మైకు అక్కర్లేదు. గచ్చు నేల, ఉత్త గోడలైతే మాండొలిన్ చెవుల్లో గుచ్చుకుంటుంది. జంపఖానాలు పరిచి, మందపాటి తెరలు దించండి. ఫ్యాన్లు ఆపండి. వంటింట్లో కుక్కర్ కూడా.

గాయని ఒక అడుగు ముందు కూర్చోవాలి. మాండొలిన్ గుల్ల ఆమె చెవి వైపు కాక శ్రోతల వైపు తిరగాలి, వాయించేవారికి గిటార్ ఎడమచెయ్యి కనబడాలి. మాండొలిన్ ఖాళీ జి తీగ, ఐదు శ్రుతి గాయని మధ్య షడ్జం ఒకే చోట పలుకుతాయి. అందుకే సాహిత్యం మీద ట్రెమెలో (ఒకే స్వరాన్ని గబగబా మీటడం) వేస్తే మాటలు మునుగుతాయి. పంక్తి చివర ఖాళీలోనే వేయండి, లేదా ఒక స్థాయి పైన మెల్లగా. కింది స్థాయి గిటార్‌ది.

గంటంపావుకి పది పాటలు చాలు. మొదటిది గాత్రం లేని ఉత్త వాద్య రచన అయితే గది మోత తెలిసి, పాట ఎత్తుకునేలోపు వాద్యాలవాళ్లిద్దరూ చప్పుడు తగ్గించుకోవచ్చు. ఇ తీగలు రెండు విడిగా దగ్గర ఉంచుకోండి. పాట మధ్యలో జతలో ఒకటి తెగినా ఆగొద్దు, రెండోదాని మీద పూర్తిచేసి, చప్పట్లు పడుతుండగా మార్చుకోండి.