కారు కరెంటు పాఠాలు – 4: కీ తీసినా ఆగని కరెంటు

గత పాఠంలో మల్టీమీటరుతో బ్యాటరీ వోల్టేజీ చూడటం నేర్చుకున్నాం. రాత్రంతా ఆపి ఉంచిన కారులో పొద్దున 12.6 వోల్టులు కనబడితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా 13.8కీ 14.4కీ మధ్య ఉంటే ఆల్టర్నేటరు చార్జింగు సరిగానే ఇస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు. చార్జింగు బాగుంది, బ్యాటరీ కూడా మంచిదే. అయినా సాయంత్రం ఇంటికొచ్చి ఆపిన కారు పొద్దున్నే సెల్ఫ్ తీసుకోదు. డాష్‌బోర్డు మీద లైట్లు మసకగా వెలుగుతాయి, కింద నుంచి టకటకమని చప్పుడు వస్తుంది. ఇద్దరు తోస్తే గానీ స్టార్టు కాదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు చేసే పని కొత్త బ్యాటరీ కొనడం. దయచేసి ఆ తొందర పడకండి. కరెంటు ఎక్కడో కారుతుంటే కొత్త బ్యాటరీ కూడా రాత్రిళ్లు ఖాళీ అవుతూనే ఉంటుంది. కారు బ్యాటరీ అలా అడుగంటా దిగిన ప్రతిసారీ లోపలి సీసం ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుంటుంది. కొన్నాళ్లు అలా సాగితే కొత్తదీ పాతదానిలాగే తయారవుతుంది. ముందు కొలవాలి, తరవాతే కొనాలి.

కరెంటు కారడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఈ పాఠం మొత్తం వాటిలో ఒకదానికే: ఇగ్నిషన్ లాకు. ఉదాహరణగా పాత మారుతి 800 తీసుకుందాం. 1983 చివర్లో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిన ఈ కారు మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. వైరింగు తేలిక, నేర్చుకోవడానికి చాలా అనువైన బండి. అయితే ఒక హద్దు పెట్టుకుందాం. స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉన్న కారు మీదా, కీలో చిప్పు ఉండే ఇమ్మొబిలైజరు కారు మీదా ఈ పాఠంలోని విప్పే పని చేయకండి. బ్యాటరీ దగ్గర కొలిచే పని మాత్రం ఏ కారు మీదైనా చేయొచ్చు.

తాళం వేరు, స్విచ్చు వేరు

మనం కీ పెట్టి తిప్పే చోట నిజానికి రెండు వస్తువులు ఉన్నాయి. ముందున్నది తాళం: ఇత్తడి సిలిండరు, దానిలో స్ప్రింగుల మీద లేచి దిగే పలచని రేకులు. కీ పళ్లు ఆ రేకుల్ని సరైన ఎత్తుకు తెస్తేనే సిలిండరు తిరుగుతుంది. దాని వెనక ఉన్నది స్విచ్చు: చిన్న ప్లాస్టిక్ డబ్బీ, లోపల రాగి కాంటాక్టులు. సిలిండరు తోక ఈ స్విచ్చు గాడిలో కూర్చుని దాన్ని తిప్పుతుంది. ఈ రెంటినీ విడదీసి ఆలోచించడం వస్తే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే చాలా చోట్ల ఏది పాడైనా "ఇగ్నిషన్ లాకు మొత్తం మార్చాలి" అంటారు. అలా మారిస్తే తలుపులకు ఒక కీ, ఇంజనుకు ఒక కీ అవుతుంది, ఖర్చూ ఎక్కువ. స్విచ్చు ఒక్కటే పోయినప్పుడు తాళాన్ని ముట్టుకోనక్కర్లేదు.

స్విచ్చుకు వచ్చే వైర్లలో ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. కీ ఉన్నా లేకున్నా దానిలో కరెంటు ఉంటుంది. మిగతావి స్విచ్చు నుంచి బయటకు పోయే దారులు: స్టీరియో లాంటి వాటికి యాక్సెసరీ లైను, ఇంజనుకూ మీటర్లకూ ఇగ్నిషన్ లైను, సెల్ఫ్ మోటారుకు స్టార్టరు లైను. కీ లాక్‌లో ఉంటే బ్యాటరీ వైరు ఎవరితోనూ కలవకూడదు. ఏసీసీ (యాక్సెసరీ) మెట్టులో యాక్సెసరీ లైనుతో కలుస్తుంది. ఆన్‌లో యాక్సెసరీ, ఇగ్నిషన్ రెండింటితోనూ. స్టార్టులో ఇగ్నిషన్, స్టార్టరు లైన్లతో కలిసి, యాక్సెసరీని వదిలేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పాట ఒక్క క్షణం ఆగేది అందుకే. ఈ నాలుగు వాక్యాలూ నోటుబుక్కులో రాసిపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఇది రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది, కీ, రేకులు అరిగి సిలిండరు పూర్తిగా వెనక్కి తిరగకపోవడం. కీ లాక్‌లోకి వచ్చాకే బయటకు రావాలి. అరిగిన తాళంలో ఏసీసీ దగ్గరే, కొన్నిసార్లు ఆన్ దగ్గరే ఊడి వచ్చేస్తుంది. యజమాని కీ జేబులో వేసుకుని వెళ్లిపోతాడు, కారు మాత్రం ఇంకా ఆన్‌లోనే ఉంటుంది. రెండోది, తాళం బాగానే ఉన్నా స్విచ్చు లోపల కాంటాక్టులు కాలి, ప్లాస్టిక్ కరిగి, లాక్‌లో కూడా అంటుకునే ఉండటం. బ్లోయరు, అదనంగా పెట్టించిన హారన్లు, పెద్ద స్టీరియో అన్నీ ఈ ఒక్క స్విచ్చు మీదే వేలాడదీసిన కార్లలో ఇది ఎక్కువ.

నష్టం ఎంతో లెక్క కట్టి చూడండి. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ అనుకుందాం. 2 ఆంపియర్లు కారుతుంటే పదిహేడున్నర గంటల్లో మొత్తం ఖాళీ. సెల్ఫ్ తీసుకోకుండా పోవడానికి అంతసేపు కూడా అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు. అదే గడియారం, స్టీరియో మెమొరీ లాంటి మామూలు ఖర్చు 50 మిల్లీ ఆంపియర్లు దాటకపోతే, అదే బ్యాటరీ దాదాపు ఇరవై తొమ్మిది రోజులకు గానీ అడుగంటదు. మారుతి 800 లాంటి సాదా కారులో 20, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఉండాలి.

కొలవడం

బ్యాటరీని ముందు పూర్తిగా చార్జి చేయించండి. కీ తీసి దగ్గర పెట్టుకోండి, అన్నీ ఆపండి, తలుపులు మూయండి. లోపలి లైటు కూడా ఆరిందో లేదో చూడండి. ఇప్పుడు 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. ఎప్పుడూ నెగటివే ముందు విప్పాలి, చివరన బిగించాలి. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి.

మీటరు పెట్టడానికి ముందు ఒక బల్బు పెట్టండి. ఇండికేటరుకు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి, ఒకటి బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, ఇంకొకటి విప్పిన కేబులుకు తగిలించండి. బల్బు వెలగకపోతే కారేది తక్కువ. బాగా వెలిగితే ఎక్కువే. బల్బు అడ్డం ఉంటుంది కాబట్టి దాని గుండా దాదాపు 2 ఆంపియర్లకు మించి పోలేదు. షార్టు ఏదైనా ఉన్నా మీటరు ఫ్యూజు బతుకుతుంది. పాత ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర నేర్చుకోదగ్గ మంచి పద్ధతి ఇది.

బల్బు మరీ ప్రకాశంగా వెలగకపోతే దాన్ని తీసి మీటరు పెట్టండి. ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చడం మరవద్దు. మీటరు తగిలి ఉండగా కీ స్టార్టుకు తిప్పొద్దు. సెల్ఫ్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది, మీటరు తట్టుకోలేదు.

అంకె పెద్దదిగా ఉందా? ఇంట్లో ఎవరినైనా మీటరు దగ్గర నిలబెట్టి మీరు సీట్లో కూర్చోండి. కీ పెట్టి, తిప్పకుండా, లాక్ వైపుకే గట్టిగా నొక్కండి. అటూ ఇటూ కొద్దిగా కదపండి. అంకె ఒక్కసారిగా పడిపోతే సిలిండరు చివరిదాకా రావడం లేదన్నమాట, దోషం తాళానిది. ఎంత కదిపినా అంకె మారకపోతే స్టీరింగు కింది ప్లాస్టిక్ కవరు స్క్రూలు విప్పి, స్విచ్చు వైర్ల కప్లరు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీయండి. అప్పుడు 20, 30 మిల్లీ ఆంపియర్లకు పడిందా, కరెంటు ఆ స్విచ్చు గుండానే పోతోంది. కప్లరు తీసినా పడలేదా, ఈ పాఠం మీ కారుకు కాదు. ఆల్టర్నేటరు డయోడు కావచ్చు, యాక్సెసరీ షాపులో బ్యాటరీ వైరుకు నేరుగా చుట్టిన సెంట్రల్ లాకు వైరు కావచ్చు. దాన్ని ఐదో పాఠంలో పట్టుకుందాం.

తాళం బాగుచేయడం

బీరువాలో వాడకుండా పడి ఉన్న రెండో కీ తెచ్చి పెట్టి చూడండి. దానితో కీ లాక్ దాకా వచ్చి, అక్కడే ఊడుతుంటే అరిగింది సిలిండరు కాదు, రోజూ వాడే కీ. ఖర్చు లేకుండా తేలిపోయింది. కొత్త కీ కోయించేటప్పుడు ఆ రెండో కీని చూపించే కోయించండి. అరిగిన కీకి నకలు తీయిస్తే అరుగుదల కూడా నకలవుతుంది.

రెండో కీతోనూ అదే గొడవైతే సిలిండరులో మురికి ఉందేమో చూడాలి. నూనె పోసే అలవాటు మన దగ్గర ఎక్కువ: కొబ్బరినూనె, ఇంజను ఆయిలు, ఏది దొరికితే అది. దానితో వారం రోజులు మెత్తగా తిరుగుతుంది, తరవాత దుమ్ము పట్టి రేకులు బిగుసుకుపోతాయి. కాంటాక్టు క్లీనరు స్ప్రే కొట్టి, కీని పదేపదే లోపలికీ బయటికీ ఆడించి, మురికిని గుడ్డతో తుడవండి. బాగా ఆరాక గ్రాఫైటు పొడి వేయండి. పెన్సిలు ములుకు చెక్కిన పొడి అయినా పనిచేస్తుంది. అప్పటికీ రాకపోతే సిలిండరు మార్చడమే. లాకు బాడీని స్టీరింగు కాలమ్‌కు పట్టి ఉంచే బోల్టుల తలలు బిగించేటప్పుడే తెగిపోయేలా చేస్తారు, దొంగలు విప్పలేకుండా. వాటిని ఉలితో కొట్టి తిప్పి తీయాలి, లేదా డ్రిల్లు వేయాలి. ఆ పని తెలిసిన మెకానిక్కుకే ఇవ్వండి.

కీ గుత్తి గురించి ఒక మాట. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, ఇత్తడి దేవుడి బొమ్మ, అన్నీ కారు కీకే తగిలిస్తాం. గతుకుల రోడ్డు మీద ఆ బరువంతా సిలిండరును లాగుతూ ఉంటుంది. అమెరికాలో 2014లో జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లను ఇగ్నిషన్ స్విచ్చు లోపం వల్ల వెనక్కి పిలిచింది. ఆ స్విచ్చులో పట్టు తక్కువ. కీ గుత్తి బరువుకో, కుదుపుకో ఆన్ నుంచి ఏసీసీకి జారి, నడుస్తున్న కారులో ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. పరిహారం కోసం పెట్టిన నిధి 124 మరణాలను ఆ లోపానికి చెందినవిగా అంగీకరించింది. కాబట్టి మీ కారులో కీ వదులుగా ఆడుతుంటే బ్యాటరీ దిగిపోవడం దానిలో చిన్న నష్టం మాత్రమే. కారు కీని ఈ రోజే విడిగా పెట్టుకోండి.

స్విచ్చు మార్చడం

ఇది ఓపిగ్గా చేస్తే ఇంట్లోనే అయ్యే పని. నెగటివ్ టెర్మినల్ విప్పే ఉండాలి. కప్లరు, వైర్లు ఉన్నవి ఉన్నట్టు ఫోనులో ఫొటో తీసుకోండి. వైరు రంగుల్ని నమ్ముకోవద్దు, చేతులు మారిన కారులో ఎవరు ఏ రంగు అతికించారో తెలియదు. లాకు బాడీ వెనక స్విచ్చును పట్టి ఉంచే చిన్న స్క్రూ విప్పితే స్విచ్చు వెనక్కి ఊడి వస్తుంది.

చేతికొచ్చిన స్విచ్చును పారేయకముందు పరీక్షించండి. ఈ పాఠానికి ప్రాణం ఇదే. మీటరును ఓమ్‌లలో పెట్టి, ఒక మొన బ్యాటరీ టెర్మినల్‌కు, రెండోది మిగతావాటికి ఒక్కొక్కటిగా తాకించండి. స్విచ్చు గాడిని చదును స్క్రూడ్రైవరుతో తిప్పుతూ, ఇందాక రాసుకున్న నాలుగు వాక్యాలతో పోల్చండి. లాక్‌లో ఎవరితోనూ కలవకూడదు. సున్నా రాకపోయినా 20, 30 ఓమ్‌లు చూపిస్తే అదీ దోషమే. కాలిన మసి గుండా కరెంటు పాకుతోంది. 24 ఓమ్‌లంటే 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు. స్టార్టుకు తిప్పి వదిలినప్పుడు స్ప్రింగు దానంతటదే ఆన్‌కు తేవాలి. రాకపోతే సెల్ఫ్ మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. ఈ పరీక్షలన్నీ స్విచ్చు నెగ్గితే దాన్ని మార్చకండి, మళ్లీ తాళం దగ్గరకు వెళ్లండి.

డబ్బీ విప్పి కాంటాక్టుల్ని ఎమరీ కాగితంతో రుద్దడం నేను సిఫారసు చేయను. రుద్దినకొద్దీ కాంటాక్టు పలచబడి, ఇంకా త్వరగా వేడెక్కుతుంది. కరిగిన ప్లాస్టిక్ ఎలాగూ సరికాదు. పాత స్విచ్చు జేబులో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లండి. కప్లరు పిన్నుల వరస, వెనక గాడి ఆకారం రెండూ సరిపోల్చుకుని కొనండి.

బిగించేటప్పుడు ఒక్క సంగతి జాగ్రత్త. తాళం లాక్‌లో ఉండాలి, కొత్త స్విచ్చు గాడి కూడా లాక్‌లోనే ఉండాలి. ఒక మెట్టు తేడాగా కూర్చుంటే కీ తీసేసినా స్విచ్చు ఏసీసీలో ఉంటుంది, కొత్త స్విచ్చుతోనే పాత జబ్బు తిరిగొస్తుంది. గాడిలో తోక తేలిగ్గా దిగకపోతే బలవంతం చేయకండి, కాస్త తిప్పి చూడండి.

కవరు వేయకముందే కప్లరు తగిలించి, బల్బుతో, తరవాత మీటరుతో మళ్లీ కొలవండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు రావాలి. అప్పుడు నెగటివ్ బిగించి కీ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, స్విచ్చు బ్యాటరీ వైరుకూ ఇగ్నిషన్ వైరుకూ మధ్య వోల్టేజీ చూడండి. 0.2 వోల్టులకు మించితే ఎక్కడో పట్టు వదులుగా ఉంది. చివరగా, కారు నిలిపి ఉండగానే స్టీరింగు లాకు పడి, కీ తిప్పగానే తేలిగ్గా విడుతోందో లేదో చూడండి. అది కుదిరాకే రోడ్డు మీదికి.

స్విచ్చు దొరికేదాకా రాత్రిపూట నెగటివ్ విప్పి ఉంచొచ్చు. ఇంజను ఆపాకే విప్పాలి. నడుస్తుండగా విప్పితే ఆల్టర్నేటరు వోల్టేజీ ఎగిసి ఎలక్ట్రానిక్సు పోతాయి.

అభ్యాసం

మీ కారులో దోషం లేకపోయినా ఈ వారం బల్బుతో, మీటరుతో కొలిచి ఆ అంకె నోటుబుక్కులో రాయండి. స్టీరియో మెమొరీ ఫ్యూజు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి. ఐదో పాఠంలో కప్లరు తీసినా ఆగని కరెంటును ఫ్యూజు తరవాత ఫ్యూజుగా వెతుకుతాం. దానికి ఫ్యూజు పెట్టె మూత మీది పట్టికను ఫొటో తీసి ఉంచుకోండి. మూత పోయి ఉంటే ఏ ఫ్యూజు తీస్తే ఏది ఆగుతోందో మీరే రాసుకుని పట్టిక తయారుచేసుకోండి.