పండక్కి ఇల్లు వదిలి వెళ్ళేముందు: తక్కువ ఖర్చుతో దొంగల భయం తగ్గించుకునే జాగ్రత్తలు

కొన్నేళ్ళ క్రితం పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరంలో ఉండే మా చెల్లెలు మధ్యాహ్నమే ఇంటికి తాళం వేసి, పిల్లలతో మూడు లాంతర్ల కూడలి దగ్గరకు వెళ్ళి, సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం కళ్ళారా చూసుకుని, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. తాళంకప్ప చెక్కుచెదరలేదు. కాని అది గొళ్ళెంతో సహా ఊడి వచ్చి గుమ్మం ముందు పడి ఉంది. ఆరు వందల రూపాయలు పెట్టి కొన్న ఆ తాళాన్ని మోస్తున్నవి అరంగుళం పొడవున్న నాలుగు స్క్రూలేనన్న సంగతి ఆనాటి దాకా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అప్పటి నుంచి తెలిసినవాళ్ళ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా నా చూపు ముందుగా గొళ్ళెం మీదికే పోతుంది. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళూ, అరసవల్లి రథసప్తమికో అమ్మవారి జాతరకో ఇల్లంతా కదిలి వెళ్ళేవాళ్ళూ పెద్ద తాళం కొనడానికి బజారుకు బయలుదేరే ముందు, ఆ తాళం దేనికి వేలాడుతుందో ఒకసారి పరీక్షించుకోవాలని నా మనవి.

పరీక్ష చాలా సులువు. తలుపు మూసి, గొళ్ళెం వేసి, చేత్తో గట్టిగా లాగి చూడండి. గొళ్ళెం కదులుతున్నా, దాని స్క్రూల తలలు బయటికి కనిపిస్తున్నా ఆ తలుపుకు రక్షణ లేనట్టే, ఎందుకంటే గునపం మొన గాని పెద్ద స్క్రూడ్రైవర్ గాని దూర్చి ఒక్క బలమైన పెకలింపుతో దాన్ని ఊడదీయవచ్చు. దీనికి వడ్రంగిని పిలిచి, స్క్రూల బదులు తలుపు చెక్కకు ఆరపార పోయే బోల్టులు వేయించి, లోపలి వైపు వెడల్పాటి వాషరు, నట్టు బిగించమని చెప్పాలి. బోల్టు తల బయటి వైపు గుండ్రంగా ఉంటే పానాకు పట్టు దొరకదు. ద్వారబంధంలోకి దిగే కొక్కేనికి కూడా ఇదే పద్ధతి పాటించాలి, లేదా కనీసం రెండున్నర అంగుళాల స్క్రూలు వేయించాలి. మడిచినప్పుడు తన స్క్రూలను తానే కప్పేసే రకం గొళ్ళెం హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, అదే అడిగి తీసుకోండి. సామానుకు, కూలికి కలిపి అయ్యే ఖర్చు సాధారణంగా ఒక మంచి తాళం ధరను మించదు. తలుపు మడతబందులు బయటి వైపు ఉన్న ఇళ్ళలో వాటి సీలలు సుత్తితో తట్టి తీసేయవచ్చు కాబట్టి, సీల రెండు కొసలనూ వెల్డింగ్ చేయించడం మంచిది.

వీధి తలుపుకు ఇంత చేసి పెరటి తలుపును మరిచిపోతే చేసిన పనంతా వృథా. మన పల్లెల్లో ఇళ్ళు ఒకే గోడ పంచుకుంటూ వీధి పొడవునా వరుసగా ఉంటాయి. ముందు వైపు అరుగుల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు గనుక దొంగకు అటు ధైర్యం చాలదు. వెనక వైపు మాత్రం పెరడు, పశువుల పాక, గడ్డివాము, వాటి వెనక పొలమో తోటో ఉంటాయి. అక్కడ ఎంతసేపు పని చేసుకున్నా చూసేవాళ్ళుండరు. అయినా ఆ పెరటి తలుపు మాత్రం పల్చటి రేకుదో, పాత చెక్కదో అయి ఉంటుంది. దాన్ని మార్చే స్తోమత లేకపోయినా, లోపలి వైపు గోడకు రెండు పక్కలా ఇనుప కొక్కేలు పాతించి, వాటిలో బలమైన అడ్డకర్ర గాని ఇనుప కడ్డీ గాని వేసి, వీధి తలుపు గుండా బయటికి రావడం అలవాటు చేసుకోండి. మన పాత ఇళ్ళలో తాతల కాలం నుంచీ ఉన్న అడ్డగడియ ఇదే. మనం స్టీలు గడియలకు మారి దాన్ని వదులుకున్నాం.

పెరట్లో ఉండే గునపం, పార, గొడ్డలి, నిచ్చెన మనకు పనిముట్లే గాని, మనం లేనప్పుడు దొంగకు ఆయుధాలు. అతడు ఇనుము మోసుకుంటూ రానక్కరలేదు, పాకలో చేయి పెడితే చాలు. ఊరు వెళ్ళేముందు వీటన్నిటినీ లోపల పెట్టి తాళం వేయాలి, నిచ్చెన లోపల పట్టకపోతే గొలుసుతో స్తంభానికి కట్టాలి. పెంకుటిళ్ళలో పైకప్పు మీదికి వంగిన మామిడి కొమ్మలు, మునగ కొమ్మలు కొట్టించడం కూడా అవసరమే, ఎందుకంటే నాలుగు పెంకులు పక్కకు తీస్తే మనిషి దిగే సందు వస్తుంది. డాబా ఇళ్ళలో మేడమెట్ల మీది గది తలుపు సంగతి చూడండి. కింద ఇనుప గ్రిల్లు, పైన మాత్రం చిన్న గడియతో మూసే రేకు తలుపు ఉన్న ఇళ్ళు మన ఊళ్ళలో లెక్కలేనన్ని.

ఇల్లు ఖాళీగా ఉందన్న కబురును దొంగకు చేరవేసేది చాలాసార్లు మన వాకిలే. ధనుర్మాసంలో వీధి వీధంతా ముగ్గులు, గొబ్బెమ్మలతో నిండి ఉన్నప్పుడు ఒక్క ఇంటి ముందు మాత్రం నిన్నటి ముగ్గు చెరిగిపోయి, కళ్ళాపి కూడా లేకుండా ఉంటే, ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని ఏ బోర్డు పెట్టకుండానే లోకానికి తెలుస్తుంది. గేటుకు వేలాడే పాల సంచి, గుమ్మంలో పోగైన పేపర్లు, పగలంతా వెలిగే వాకిలి దీపం కూడా ఇదే మాట చెబుతాయి. కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందే పాలబ్బాయికి, పేపరు వేసే అబ్బాయికి చెప్పి ఆపించండి. పక్కింటి పిన్నిగారినో ఎదురింటి వదినగారినో రోజూ ఒక బిందె నీళ్ళు చల్లి నాలుగు గీతల ముగ్గు వేయమని అడగండి, మీరు తిరిగి వచ్చాక వాళ్ళు వెళ్ళినప్పుడు మీరు వేయండి. నాకు తెలిసినంతలో ఇంతకు మించి పనిచేసే ఉపాయం, ఇంతకంటే చవకైన ఉపాయం మరొకటి లేదు. బయట గేటుకు తాళం వేసినా అది వీధిలోకి కనిపించకుండా లోపలి వైపుకు తిప్పి వేయడం, తలుపు మీద తాళం కనిపించకుండా కర్టెన్ దించడం కూడా మంచి అలవాట్లు.

తాళంచెవిని గుమ్మం పైనో, మీటరు పెట్టెలోనో, తులసికోట గూట్లోనో, పూలకుండీ కిందో పెట్టే పద్ధతి ఇకనైనా మానాలి. ఆ నాలుగు చోట్లూ దొంగకు మనకంటే బాగా తెలుసు. నమ్మకమైన ఒక్కరి చేతికి ఇవ్వండి. ప్రయాణం గురించి ఫోటోలు, వాట్సాప్ స్టేటస్‌లు ఇంటికి తిరిగి చేరాకే పెట్టుకోవాలని పిల్లలకు ముందుగానే చెప్పండి.

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు తాళం వేసిన ఇళ్ళ నిఘా వ్యవస్థ ఒకటి ఉంది, దాన్ని ఎల్‌.హెచ్‌.ఎం.ఎస్‌. అంటారు. ఊరు వెళ్ళేవాళ్ళు యాప్ ద్వారా నమోదు చేసుకుని కోరితే, పోలీసులు ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా అమరుస్తారు. ఎవరైనా లోపలికి వస్తే ఆ సమాచారం కంట్రోల్ రూముకు చేరుతుంది. దీనికి రుసుము లేదు. పండగ రోజుల్లో అడిగేవాళ్ళు ఎక్కువగా, కెమెరాలు పరిమితంగా ఉండవచ్చు కాబట్టి, కనీసం వారం ముందే మీ స్టేషన్‌కు వెళ్ళి మాట్లాడండి. కెమెరా దొరకకపోయినా మీ చిరునామా, వెళ్ళే తేదీ, తిరిగి వచ్చే తేదీ రాసి ఇస్తే రాత్రి గస్తీ తిరిగేవాళ్ళు ఆ వీధి వైపు ఒక చూపు వేసే అవకాశం ఉంటుంది. స్టేషన్ గడప తొక్కడానికి మొహమాటపడే పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమేనని వాళ్ళకు నచ్చజెప్పి వెంట తీసుకువెళ్ళండి.

సొంతంగా కొనుక్కునే పరికరాల్లో మొదట కొనవలసింది కెమెరా కాదు. తలుపు తెరవగానే పెద్దగా మోగే చిన్న అయస్కాంతపు అలారం, మనిషి కదిలితే వెలిగే సెన్సార్ బల్బు ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయల్లోనే వస్తాయి. ఒకటి పెరటి తలుపుకు, మరొకటి పెరటి గోడకు పెట్టండి. వెలుతురు, చప్పుడు అనే రెండింటిని మించి దొంగను కంగారుపెట్టేది ఏదీ లేదు. వైఫై కెమెరా కొనే స్తోమత ఉంటే మంచిదే, కాని అది కరెంటు మీద, ఇంటర్నెట్ మీద ఆధారపడిన వస్తువని మరవకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత, 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత మన ఊళ్ళలో ఎన్ని రాత్రులు చీకట్లో గడిపామో గుర్తున్నవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తిత్లీ పలాస దగ్గరలోనే తీరం దాటింది, ఉద్దానంలో స్తంభాలు, కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అలాంటి రాత్రుల్లో పనిచేసేవి బోల్టు వేసిన గొళ్ళెం, అడ్డకర్ర, పిలిస్తే పలికే పొరుగు మాత్రమే. తుఫాను హెచ్చరిక వచ్చి పునరావాస కేంద్రానికి వెళ్ళవలసి వస్తే పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకాలు, ఉన్న కాస్త బంగారం ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట తీసుకువెళ్ళండి. ఇంటికి కాపలాగా మాత్రం ఎవరినీ వదిలిపెట్టకండి.

ఎండాకాలం జాగ్రత్త వేరు. ఉక్కకు తాళలేక డాబా మీద పడుకునేటప్పుడు కింద తలుపు దగ్గరగా వేసి ఊరుకుంటాం, ఇంటిల్లిపాదీ పైన నిద్రలో ఉంటే కింద బీరువా దిక్కులేకుండా ఉంటుంది. కింద తాళం వేసి, చెవి పైకి తీసుకువెళ్ళాలి. గదిలోనే పడుకుని కిటికీ తెరిచి ఉంచేవాళ్ళు కిటికీ పక్కన ఫోను ఛార్జింగ్‌కు పెట్టకూడదు, ఊచలకు చొక్కా, ప్యాంటు తగిలించకూడదు. కర్రకు కట్టిన కొక్కెంతో వాటిని బయటికి లాగేసేవాళ్ళున్నారు. మెడలో గొలుసుతో కిటికీ వైపు తల పెట్టి పడుకోవద్దని ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి.

హైదరాబాదులోనో చెన్నైలోనో పనికి వెళ్ళిన పిల్లలు ఊళ్ళో ముసలి తల్లిదండ్రులను ఉంచిన ఇళ్ళ గురించి నాకు ఎక్కువ బెంగ. పగటిపూట వచ్చి బంగారానికి మెరుగు పెడతామనేవాళ్ళను, కార్డు పరిశీలనకు వచ్చామంటూ ఇంట్లోకి చొరబడేవాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టి, పొరుగువాళ్ళను కేకేసి పిలిచాకే మాట్లాడమని వాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పండి. వాళ్ళ ఫోనులో మొదటి నంబరుగా పక్కింటివాళ్ళది పెట్టండి, మీది రెండోది కావాలి. ఆరు వందల కిలోమీటర్ల దూరం నుంచి మీరు రాలేరు, పక్కింటివాళ్ళు అర నిమిషంలో వస్తారు. ముసలివాళ్ళను లోపల ఉంచి బయట తాళం వేసి వెళ్ళడం మాత్రం ఎన్నడూ చేయకండి, నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉండదు. లోపలి గ్రిల్లుకు తాళం వేసుకునే అలవాటుంటే, చెవి కిటికీలోంచి అందని చోట, చీకట్లో సైతం వాళ్ళ చేతికి తగిలే ఒకే మేకుకు తగిలించాలి.

బంగారం విషయంలో బీరువాను నమ్మడం కంటే బ్యాంకు లాకరు నయం. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, లాకరులో దొంగతనమో దోపిడీయో అగ్నిప్రమాదమో జరిగినా, ఉద్యోగుల మోసం వల్ల నష్టం వచ్చినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా ఉంటుంది. అద్దె 1,500 రూపాయలైతే ఆ మొత్తం 1,50,000 దాటదన్నమాట, ఈ పరిమితి తెలిసే పెట్టుకోవాలి. లాకరు దొరకనివాళ్ళు నగలన్నీ ఒకేచోట పెట్టకుండా, అలాగని బియ్యం డబ్బాలోనో దేవుడి గదిలోనో కూడా పెట్టకుండా ఉండాలి, ఎందుకంటే బీరువా తర్వాత దొంగ చేయి వెళ్ళేది అక్కడికే. ప్రతి నగకూ ఫోటో తీసి, కొన్న రసీదు దాచండి. ఇటీవల కొన్న హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది, దాన్ని భూతద్దంతో చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. ఫోనులో *#06# నొక్కితే కనిపించే ఫోను గుర్తింపు సంఖ్యను కూడా అదే పుస్తకంలో రాసి, ఆ పుస్తకం మరొకరి ఇంట్లో ఉంచండి.

గోడల మీద గాజు పెంకులు పాతితే పాతండి గాని, కంచెకు కరెంటు తీగ మాత్రం కలపకండి. దొంగ కోసం పెట్టిన ఆ తీగకు మొదట తగిలేది బంతి కోసం వచ్చిన పక్కింటి పిల్లవాడో, వానలో దారి తప్పిన ఆవో అవుతుంది. అది నేరం, దాని పాపం కూడా తీరేది కాదు.

ఇంత చేసినా ఒక రోజు మీరు తిరిగి వచ్చేసరికి తలుపు తెరిచి ఉందనుకోండి. లోపలికి వెళ్ళకండి, దొంగ ఇంకా లోపలే ఉండవచ్చు. వీధిలోకి వచ్చి నలుగురినీ పిలిచి, 112కు ఫోను చేయండి. రాత్రి నిద్రలో అలికిడి వినిపిస్తే గది తలుపు గడియ పెట్టుకుని లైట్లు వేసి కేకలు పెట్టండి, ఎదురుగా వెళ్ళి పెనుగులాడకండి. పోలీసులు, క్లూస్ టీము వచ్చేదాకా బీరువా, గడియ, కింద పడిన సామాను ముట్టుకోకూడదు, ఇల్లు సర్దాలని చేతులు ఎంత తొందరపెట్టినా ఆగాలి. మా చెల్లెలు ఆ రాత్రి చెదిరిన బట్టలన్నీ మడతపెట్టి, బీరువా తుడిచి, ఆ తర్వాతే స్టేషన్‌కు కబురు చేసింది, వేలిముద్రలు దొరికే అవకాశం అలా పోయింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం చేయాలి, ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదుకు వెళ్ళేటప్పుడు ఆ నోటు పుస్తకం, రసీదులు, నగల ఫోటోలు వెంట తీసుకువెళ్ళి, పోయిన ప్రతి వస్తువునూ దాని గుర్తులతో సహా ఫిర్యాదులో రాయించండి.