ఫుల్ బాడీ చెకప్‌కి వెళ్లే ముందు

షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకు సాధారణంగా 8 నుంచి 12 గంటలు పరగడుపున ఉండమంటారు. మంచినీళ్లు తాగొచ్చు, చక్కెర లేని కాఫీ అయినా వద్దు.

షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయల్దేరకండి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే అదీ చెప్పండి. థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తుంది, పైగా దాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

బీపీ చూసే ముందు అరగంట టీ, సిగరెట్ మానేసి, 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. మెట్లెక్కిన ఆయాసంతోనే చేయి చాపితే అంకె పెరుగుతుంది, లేనిపోని టెన్షన్.

పొత్తికడుపు స్కానింగ్‌కు మూత్రం ఆపుకోవాలి కాబట్టి యూరిన్ శాంపిల్ ఆ తర్వాతే ఇవ్వండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ వద్దు. గర్భమని అనుమానముంటే ఎక్స్‌రేకి ముందే చెప్పాలి. పాత రిపోర్టులు మర్చిపోకండి.