చెవి నాళంలో ఎముక బొడిపెలు: ఎలా గుర్తించాలి, ఎలా చూసుకోవాలి?

తలస్నానం చేసిన మర్నాటికి కూడా చెవిలో నీరు కదులుతున్నట్టుగా ఉండి, దిబ్బడ వదలకపోతే చాలామంది అది గుబిలి అనుకుంటారు. చాలాసార్లు అది గుబిలే. కొందరిలో మాత్రం నాళపు గోడలోని ఎముకే లోపలికి బొడిపెగా పెరిగి, దారిని ఇరుకు చేసి, నీటినీ గుబిలినీ వెనకే ఆపేస్తుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. నియాండర్తల్ మానవుల పుర్రెల్లోనూ ఇలాంటి బొడిపెలు కనిపించాయంటే ఇది ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

మొదట చేయవలసింది లక్షణాలను గమనించడం. ఒకే చెవిలోనా, రెండింటిలోనా? స్నానం తర్వాతే దిబ్బడ వేస్తోందా? ఏడాదిలో ఎన్నిసార్లు చెవిపోటు, దురద, చీము వచ్చాయి? బొడిపె చిన్నదైతే ఏ లక్షణమూ ఉండదు. వేరే పని మీద వెళ్లినప్పుడు డాక్టరు చూసి చెబితేనే తెలుస్తుంది.

రెండో పని, ఏ పనీ చేయకుండా ఉండటం. పెద్దవారిలో చెవి నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, అందులో బయటి మూడో వంతు మృదులాస్థి, మిగిలినది ఎముక. ఆ ఎముకపై చర్మం ఉల్లిపొరంత పలచన, దాని కింద కొవ్వు ఉండదు. పిన్నీసుగానీ, అగ్గిపుల్లగానీ, ఇయర్ బడ్‌గానీ తగిలితే అక్కడ గీరుకుపోతుంది, ఆ గీత నుంచే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. కాచిన నూనె పోయడం, రోడ్డు పక్కన చెవులు శుభ్రం చేసేవారి ముందు కూర్చోవడం కూడా ఈ కోవలోవే. ఎముకను ఏ చుక్కల మందూ కరిగించలేదు.

తర్వాత ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. హైదరాబాద్‌లో కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఇందుకు అందుబాటులో ఉంది. డాక్టరు చెవిని పైకి, వెనక్కి లాగి ఓటోస్కోప్‌తో (చెవి లోపల చూసే లైటున్న చిన్న పరికరం) చూస్తారు. ఎండోస్కోప్ వాడితే మీరూ తెరపై చూడవచ్చు. రెండు చెవుల్లోనూ వెడల్పాటి పునాదితో, పక్కపక్కనే తెల్లటి దిమ్మెల్లా కనిపిస్తే అవి సాధారణంగా ఎక్సోస్టోసిస్. ఏళ్ల తరబడి చల్లటి నీటిలో ఈదేవారికి, సముద్రపు అలలపై సర్ఫింగ్ చేసేవారికి ఇవి ఎక్కువగా వస్తాయి. హైదరాబాద్‌లో సముద్రం లేదు గానీ, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కప్పులేని ఈతకొలనుల్లో దిగే అలవాటుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఒకే చెవిలో, సన్నని కాడకు వేలాడే గుండ్రని ముద్దలా ఉంటే అది ఆస్టియోమా అనే మరో రకం ఎముక బొడిపె కావచ్చు. వినికిడి తగ్గిందనిపిస్తే ఆడియోమెట్రీ చేస్తారు. బొడిపె ఎంత లోతు వరకు ఉందో తెలియాలంటే సీటీ స్కాన్ అవసరమవుతుంది.

బాధ లేకపోతే చికిత్స అక్కరలేదు. నీటిని మాత్రం అదుపులో పెట్టుకోవాలి. స్నానానికి ముందు దూదికి వాజలిన్ రాసి చెవి ముఖద్వారంలో, లోపలికి తోయకుండా, ఉంచుకోండి. ఈతకు మెత్తటి ఇయర్ ప్లగ్‌లు వాడండి. నీరు పోతే తల పక్కకు వంచి, చెవి డొప్పను మెల్లగా వెనక్కి లాగి పట్టుకుంటే చాలావరకు బయటికి వస్తుంది. ఆపై తువ్వాలుతో బయటి భాగాన్ని మాత్రమే తుడవాలి. గుబిలి పేరుకుంటే మైక్రోస్కోప్ కింద సక్షన్‌తో తీయించుకోవడమే మేలు. సిరంజీతో నీళ్లు కొట్టించుకోవద్దు, ఆ నీరే బొడిపె వెనక నిలిచిపోవచ్చు. కర్ణభేరికి రంధ్రం లేదని డాక్టరు నిర్ధారించాకే చుక్కలు వేసుకోవాలి.

మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నా, గుబిలి తీయడానికీ దారి లేకపోయినా, వినికిడి తగ్గినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. చర్మాన్ని కాపాడుకుంటూ డ్రిల్‌తోగానీ, సన్నటి ఉలితోగానీ ఎముకను తొలగిస్తారు. కర్ణభేరి, ముఖ నరం, దవడ కీలు దగ్గరలోనే ఉంటాయి కనుక వాటికి ఉన్న ప్రమాదం గురించి ముందే అడిగి తెలుసుకోండి. తర్వాత కొన్ని వారాల పాటు చెవి తడవకూడదు. చల్లటి నీటి ఈత మానకపోతే ఎక్సోస్టోసిస్ మళ్లీ పెరగవచ్చు.

వినికిడి హఠాత్తుగా పోయినా, మూతి ఒక పక్కకు వంగినా, చెవి నుంచి రక్తం వచ్చినా, షుగరు ఉన్నవారికి రాత్రిళ్లు నిద్ర పట్టనంత చెవిపోటు వచ్చినా దాన్ని బొడిపె ఖాతాలో వేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.