ఒంటరి సైకిల్ రేసుకు సిద్ధం కావడం – 4వ పాఠం: నిద్రలేని బుర్ర కోసం ఒక చీటీ

పోయిన పాఠంలో రూటు మొత్తాన్ని నీళ్లు, తిండి దొరికే చోట్ల దగ్గర ముక్కలు చేసి ఒక కాగితం మీద గీయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. గీయనివాళ్లు అది పూర్తి చేసి రండి, కంగారేం లేదు. ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఈసారి నేర్చుకునేది ప్రమాదాలకు సిద్ధపడటం. ఈ మాట వినగానే చాలామంది ఇంకో జాకెట్, ఇంకో లైటు, ఇంకో మందుల డబ్బా కొంటారు. సామాను సంగతి రెండో పాఠంలోనే అయిపోయింది. మనం ఇప్పుడు తయారుచేసేది అరచేతిలో పట్టే ఒక చీటీ. దాని మీద పది వాక్యాలు ఉంటాయి. అవి రాయడానికి మాత్రం వారం పడుతుంది.

ఎందుకు చీటీ? రోజుల తరబడి ఒంటరిగా తొక్కే ఈ రేసుల్లో సాయానికి వెనక కారు రాదు. దారిలో అందరికీ అమ్మే వస్తువు మీరూ కొనుక్కోవచ్చు, అందరికీ దొరికే గదిలో మీరూ పడుకోవచ్చు. స్నేహితుడు ఎదురొచ్చి చక్రం ఇస్తే నిబంధన తప్పినట్టే. తిండి, రిపేరు లాంటివి ఎలాగో సర్దుకుంటారు. అసలు లోటు వేరే ఉంది. "ఇక చాలు, పడుకో" అని చెప్పే మనిషి పక్కన ఉండరు. నిర్ణయాలన్నీ మీవే, అవీ నిద్రలేని బుర్రతో.

ఆ బుర్ర ఎంత పనికొస్తుందో లెక్క ఉంది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. చాలా దేశాల్లో బండి నడిపేవాళ్లకు పెట్టిన హద్దు కూడా అదే. ఒక రాత్రంతా మేలుకుంటే ఇంకా దిగజారుతుంది. తాగినవాడిలాగే నిద్రలేనివాడికి కూడా తను బాగానే ఉన్నాననిపిస్తుంది. అందుకే నిర్ణయాలు ఇప్పుడే, ఇంట్లో, కడుపు నిండా తిని, నిద్రపోయి లేచి తీసుకుంటాం. దారిలో చేసేది చదివి పాటించడమే.

చీటీలో వాక్యం ఎలా ఉండాలి?

"అలసిపోతే ఆగుతాను" అని రాస్తే కాగితం దండగ. అలసట ఎప్పుడూ ఉంటుంది. కంటికి, చెవికి, చేతికి తెలిసే గుర్తు ఒకటి ఉండాలి, దాని వెనక ఒక్క పని ఉండాలి. "రోడ్డు అంచు గీతను తెలియకుండా రెండుసార్లు దాటితే, పక్కకు దిగి 20 నిమిషాలు పడుకుంటాను." ఇది వాక్యం. దీనితో వాదించడానికి ఏమీ లేదు, దాటానా లేదా అంతే.

ముందు మీ రేసు మిమ్మల్ని ఎలా చంపగలదో తెలుసుకోండి. మాట కటువుగా ఉంది కానీ ఇంకోలా అడిగితే సరైన జవాబు రాదు. కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో మెక్సికో సరిహద్దు దాకా దాదాపు 4,400 కిలోమీటర్లు సాగే టూర్ డివైడ్ రేసులో ఎక్కువ భాగం మట్టి దారి. అక్కడ వానకు జిగురయ్యే మట్టి, కొండల మీద మంచు, ఉత్తర భాగంలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉంటాయి. కిర్గిజ్‌స్తాన్‌లో జరిగే సిల్క్ రోడ్ మౌంటెన్ రేసులో ఎత్తు, చలి, సాయం దూరంగా ఉండటం పెద్ద సమస్యలు. యూరప్‌ను సుమారు 4,000 కిలోమీటర్ల మేర దాటే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసు ఎక్కువగా తారు రోడ్ల మీదే. అక్కడ భయం వాహనాలతో.

ట్రాన్స్‌కాంటినెంటల్‌ను 2013లో మొదలుపెట్టిన మైక్ హాల్, 2016లో టూర్ డివైడ్‌ను 14 రోజుల లోపే ముగించినవాడు. 2017 మార్చి 31న ఆస్ట్రేలియాలో ఇండియన్ పసిఫిక్ వీల్ రేసులో, తెల్లవారకముందు, కారు ఢీకొని చనిపోయాడు. ఈ ఆటలో అంతకంటే అనుభవం ఉన్నవాళ్లు అప్పట్లో కొద్దిమందే. అనుభవం చలిని, ఆకలిని తట్టుకోవడానికి పనికొస్తుంది, వెనక నుంచి వచ్చే బండిని ఆపదు. కాబట్టి వాహనాల విషయంలో నేర్పు మీద నమ్మకం పెట్టకుండా, ఏ రోడ్డు మీద ఏ గంటకు ఉంటాను అన్నదాని మీదే పని చేయాలి.

మీ కాగితం తీయండి. తారు రోడ్డు ఉన్న ప్రతి ముక్క పక్కన అక్కడికి ఏ సమయానికి చేరతారో అంచనా రాయండి. వేగంగా బండ్లు పోయే, అంచు ఇరుకైన రోడ్డు రాత్రి రెండు నుంచి ఆరు మధ్య పడితే దాని చుట్టూ ఎర్రగా గీయండి. శరీరం సహజంగా నిద్రలోకి జారే వేళ అది, డ్రైవర్లకూ అంతే. ఇద్దరు నిద్రమత్తు మనుషులు ఒకే ఇరుకు రోడ్డు మీద ఎందుకు? ఆ ముక్కకు ముందే పడుకునే చోటు గుర్తు పెట్టుకోండి. ఎర్ర గీతలు ఐదారుకు మించితే చాలామందికి తెలియకుండానే ప్లాను మారిపోతుంది, ఆ మార్పే ఈ అభ్యాసం ఫలితం. లైట్ల గురించి ఒక్క మాట: వెనక రెండు పెట్టండి, ఒకటి ఆగిపోయినా తెలియదు కాబట్టి. మెరిసే పట్టీలు వీపు కంటే చీలమండలకు కట్టుకుంటే మేలు. పైకీ కిందికీ కదిలే వెలుగును చూస్తే అది సైకిల్ తొక్కే మనిషని డ్రైవర్ బుర్ర త్వరగా గుర్తుపడుతుంది.

ఇక నిద్ర. మూడో రాత్రికి చెట్లు మనుషుల్లా కనిపించడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. భయపడాల్సింది రెప్పపాటు కునుకుకు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగుతూ మూడు సెకన్లు కళ్లు మూతపడితే 40 మీటర్లకు పైగా చూడకుండా పోతారు. మలుపుకు అది చాలు. పాట పాడటం, ముఖం మీద నీళ్లు చల్లుకోవడం లాంటివి ఐదు నిమిషాలు పనిచేస్తాయి, ఆ ఐదు నిమిషాల్లో మీరు కనుమ దాటి దిగుడులో పడతారు. నిద్రకు మందు నిద్రే. కాఫీ తాగి వెంటనే 20 నిమిషాల కునుకు తీస్తే, కెఫీన్ పనిచేసే వేళకు మెలకువ వస్తుంది. కానీ లేచిన వెంటనే దిగుడు మొదలుపెట్టొద్దు. లేచాక పావుగంట నుంచి అరగంట దాకా బుర్ర మత్తుగానే ఉంటుంది. నా చీటీలో రెండో వాక్యం ఇదే: "నిద్ర లేచాక ఏదైనా తిని, సైకిల్ నడిపించుకుంటూ పది నిమిషాలు, తర్వాతే సీటు."

పడుకునే చోటు కూడా ఇప్పుడే తేల్చుకోండి. మలుపు బయటి అంచున, రోడ్డు పక్క మట్టి మీద, ఎండిన వాగులో పడుకోకూడదు. అదుపు తప్పిన బండి మలుపు బయటికే వస్తుంది. వాగుకు ఎగువన వాన పడితే ఇక్కడ చుక్క లేకపోయినా నీళ్లు వస్తాయి.

చలి గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా చీటీలో మొదటి వాక్యం అక్కడే పుట్టింది. ఒకసారి సన్నటి వానలో కనుమ ఎక్కుతున్నాను. ఎక్కుడు కాబట్టి చెమటలు కారుతున్నాయి, జాకెట్ సంచి అడుగున ఉంది. పైకి చేరేసరికి చీకటి పడింది. కింద వెలుగులు కనిపించాయి, అక్కడే వేసుకుందాం అనుకున్నాను. పది నిమిషాల్లో వేళ్లు బ్రేకు లీవరు పట్టలేకపోయాయి. ఆగాను. సంచి పట్టీ విప్పడానికి వేళ్లు కదలవు. చివరికి పళ్లతో లాగాను. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అక్కడ జరిగింది మామూలు శాస్త్రమే. వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు కండరాలు వేడి పుట్టిస్తాయి, దిగేటప్పుడు ఆ పొయ్యి ఆరిపోతుంది. తడి బట్ట మీద ఎదురుగాలి తగులుతుంది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా మొదలైనట్టే, అప్పటికి మాట తడబడుతుంది, చేతులు వినవు, మనిషి మొండికేస్తాడు. అప్పుడు సరైన నిర్ణయం వస్తుందని ఆశపడటం దండగ. అందుకే నియమం: "కనుమ పైన ఆగిన మొదటి నిమిషంలోనే, చలి వేయకపోయినా, జాకెట్, గ్లోవ్స్ వేసుకుంటాను." దానికి తోడు ఒక పరీక్ష: బొటనవేలితో చిటికెన వేలి కొన తాకండి. తాకలేకపోతే దిగుడు ఆపి వేడెక్కాలి. ఆ జాకెట్ సంచి పైభాగంలో ఉండాలి, అది చెప్పనక్కరలేదు. పడుకునేటప్పుడు వేసుకునే పొడి బట్టల జత ఒకటి విడిగా ఉంచండి. ఎంత తడిసినా దాన్ని తొక్కేటప్పుడు వాడొద్దు.

ఎండకు చలికి ఇచ్చినంత చోటు ఇవ్వను. దాహం కొద్దీ తాగండి, ఉప్పు తినండి. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ బలవంతంగా పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణాంతకమే. ఎండలో మాట తడబడి, పిచ్చిగా మాట్లాడుతున్నారంటే అది వడదెబ్బ. నీడ, ఒళ్లంతా నీళ్లు, గాలి, వెంటనే సాయం. రెండున్నర వేల మీటర్ల పైన తలనొప్పితో పాటు వాంతులైతే ఇంకా పైకి పోవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఆ క్షణమే దిగాలి. ఎలుగుబంట్ల భూమిలో వాటిని తరిమే ఘాటు స్ప్రే చేతికి అందే చోట, తిండి పడక నుంచి దూరంగా. జంతువుల గురించి ఇంతకంటే అక్కరలేదు, కలల్లో వచ్చినంత తరచుగా అవి రోడ్డు మీదకు రావు.

రేసు ఆపించేవి ఎక్కువగా నాటకీయంగా ఉండవు. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారితే అరచేతి దగ్గర అల్నార్ నరం నలుగుతోందని అర్థం. హ్యాండిల్ మీద చేయి మార్చకపోతే బ్రేకు పట్టే బలం పోతుంది, తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. మెడ కండరాలు చచ్చుబడి తల నిలబడని స్థితికి షెర్మర్స్ నెక్ అని పేరు, 1980ల్లో అమెరికాను దాటే రేసులో తొక్కిన మైకేల్ షెర్మర్ పేరు మీద వచ్చింది. తల ఎత్తలేనివాడికి ఎదురు బండి కనిపించదు. దానికి చీటీలో చోటివ్వండి: "చేత్తో గడ్డం ఎత్తి పట్టుకోవాల్సి వస్తే, నాకు రేసు అయిపోయింది." మూత్రం కోలా రంగులో వస్తే కూడా అంతే, కండరాలు కరిగి కిడ్నీల మీద పడుతున్నాయి, ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడికి వచ్చాక మానేయడం గురించి మాట్లాడక తప్పదు. రేసు నుంచి తప్పుకోవడాన్ని స్క్రాచ్ అంటారు. చీటీ వెనక వైపు రెండు భాగాలు చేయండి. ఒకవైపు ఎవరినీ అడగకుండా ఆగాల్సినవి: తలకు దెబ్బ, తల నిలవని మెడ, ఆగని ఆయాసం, ముదురు మూత్రం, స్పృహ తప్పడం. రెండోవైపు ఎంత ఏడుపొచ్చినా రాత్రిపూట నిర్ణయించకూడనివి: విసుగు, ఒంటరితనం, వెనకబడిపోవడం, మామూలు నొప్పులు. వీటికి నా నియమం "తిని, నాలుగు గంటలు పడుకుని, వెలుతురులో మళ్లీ అడుగుతాను." మనిషి సహజంగా ఈ రెండింటినీ తారుమారు చేస్తాడు. తల పగిలినా తొక్కుతాడు, వాన పడితే మానేస్తాడు.

ట్రాకర్ (మీరున్న చోటును మ్యాపు మీద చూపే పరికరం) గురించి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మ్యాపు మీద చుక్క మీరు ఎక్కడున్నారో చెబుతుంది, ఎలా ఉన్నారో చెప్పదు. బ్యాటరీ అయిపోయినా చుక్క ఆగుతుంది, మీరు లోయలో పడ్డా ఆగుతుంది. అందుకని ఒప్పందం కావాలి: ఎన్ని గంటలు కదలకపోతే ముందు సందేశం పంపాలి, ఎన్ని గంటలకు నిర్వాహకులకు ఫోన్ చేయాలి. ఇది రాసి వాళ్ల దగ్గర ఉంచండి, లేకపోతే మీరు హాయిగా నిద్రపోయే రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోరు. ఎస్‌ఓఎస్ మీట (అత్యవసర సాయం పిలిచేది) నొక్కడానికి కూడా ఒక గీత గీసుకోండి: ప్రాణానికో, అవయవానికో ముప్పు ఉంటే, సొంతంగా కదలలేకపోతే. పంక్చర్‌కు కాదు. ఇంకో లెక్క: 10,000 మిల్లీయాంప్-అవర్ (mAh) పవర్‌బ్యాంక్ ఫోన్‌కు నిజంగా ఇచ్చేది సుమారు 6,000 మాత్రమే, వోల్టేజి మార్పిడిలో మిగతాది పోతుంది. డబ్బా మీద అంకెను నమ్మి రోజులు లెక్కపెట్టకండి.

ఇప్పుడు ఈ వారం పని. కాగితం మీద ప్రతి ముక్కకు మూడు ప్రశ్నలు వేయండి. ఇక్కడ ఏది చెడితే నన్ను ఆపేస్తుంది? దగ్గరలో రోడ్డు, మనిషి, వైద్యం ఎంత దూరం? ఆ దూరం నడిచి వెళ్లాల్సి వస్తే నా దగ్గర ఉన్న నీళ్లు, బట్టలు సరిపోతాయా? మూడోదానికి "లేదు" అని వచ్చిన ముక్కలే మీ రేసులో నిజమైన ప్రమాదాలు. వాటికే వాక్యాలు రాయండి. పదికి మించితే కొట్టేయండి, ఎక్కువైతే ఏదీ చదవరు.

రాశాక, ఒక రోజు అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి లేచి, తల దీపం వెలుగులో, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు అది లేకుండా, చీటీ చదవండి. ఒక్కసారికి అర్థం కాని వాక్యం మళ్లీ రాయండి, అక్షరాలు ఇంకా పెద్దవి చేసి. తర్వాత ఆ చీటీని గంటసేపు నీళ్ల బకెట్‌లో వేసి తీయండి. ఇంకు కరిగితే పెన్సిల్‌తో రాయండి. ఐదో పాఠంలో దాన్ని హ్యాండిల్‌కు కట్టి ఒక రాత్రి, ఒక పగలు తొక్కబోతున్నాం.