ముందు తాతగారి పౌరసత్వం సంగతి తేల్చుకోండి

ఇటలీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన తాతగారి ద్వారా ఇటలీ పౌరసత్వం కోరేవాళ్లు సాధారణంగా ఆయన బర్త్ సర్టిఫికెట్‌తో మొదలుపెడతారు. దయచేసి ముందు ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారా లేదా అన్నది చూడండి. ఇటలీలో 2025లో వచ్చిన 74వ చట్టం తర్వాత ప్రధానమైన దారి ఇదే: అమ్మానాన్నల్లోనో, తాత అమ్మమ్మ నాయనమ్మల్లోనో ఒకరికి ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉండాలి. చనిపోయి ఉంటే, చనిపోయేనాటికి అదొక్కటే ఉండి ఉండాలి.

తీసుకోలేదని మాటతో చెబితే చాలదు. ఆయన స్థిరపడింది అమెరికాలో అయితే అక్కడి పౌరసత్వ, వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్ నుంచి, అర్జెంటీనాలో అయితే జాతీయ ఎన్నికల న్యాయస్థానం నుంచి, ఆయన పౌరసత్వం తీసుకున్నట్టు రికార్డు లేదనే పత్రం తెచ్చుకోవాలి. అప్లికేషన్‌లో పేరు ఎన్ని రకాలుగా రాశారో అన్నీ ఇవ్వండి. ఇటలీలో జుసెప్పే అన్న ఆయన అమెరికాలో జోసెఫ్ అయిపోయి ఉంటారు, ఇంటిపేరులోనూ ఒకటి రెండు అక్షరాలు మారి ఉంటాయి. ఒక్క పేరుతోనే వెతికిస్తే ఆ పత్రానికి విలువ ఉండదు.

ఆ తర్వాతే ఆయన సొంతూరి మున్సిపాలిటీకి, అంటే కొమూనేకి రాయండి. తల్లిదండ్రుల పేర్లున్న బర్త్ సర్టిఫికెట్ పూర్తి నకలు అడగండి. ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్‌ల వెబ్‌సైట్ ఆంతెనాతి పోర్టల్‌లో పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉచితంగా చూడొచ్చు, కానీ ఆ ఫోటో సర్టిఫికెట్ కిందకు రాదు.